పై బల్ల దిగని తౌనో

ఇల్మరి ఆ సాయంత్రం సౌనాకి, అంటే ఆవిరి స్నానాల గదికి, వచ్చింది ఆవిరి పట్టుకోవడానికి కాదు, తౌనోని పట్టుకోవడానికి. నార్వేలో ఆర్నెల్లు చదివిన గాయాల చికిత్స కోర్సు డిజిటల్ సర్టిఫికెట్ ఇంకా అతని ఫోన్‌లోకి రాలేదు. రేపు పొద్దున్న ఆస్పత్రిలో చూపించకపోతే నర్సు ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. దాన్ని సరిచూసి ముద్ర వేయాల్సింది ఇక్కడి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే ఈ తౌనోనే.

తౌనో అప్పటికే అన్నిటికంటే వేడిగా ఉండే పై బల్లెక్కి, పొయ్యి మీద కాలిన రాళ్ళమీద గరిటెడు నీళ్ళు పోశాడు. "నీళ్ళు పోసినవాడు ముందు దిగకూడదు. బుద్ధెరిగాక నేనెప్పుడూ దిగలేదు," అన్నాడు.

"మొదలెట్టాడ్రా బాబూ కోతలు," అని గొణిగాడు కింది బల్ల మీది ముసలి వైనో.

"వినవయ్యా! మొన్నో పిల్ల స్వీడన్‌లో ఓ కోర్సు, డెన్మార్క్‌లో ఓ కోర్సు చదివొచ్చింది. రెండు సర్టిఫికెట్లూ కలిపి దాని ఫోన్‌లోకి పంపించాను. ఒక్క నొక్కు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నొక్కుడికి ఐస్‌లాండ్ దాకా యూనివర్సిటీలన్నీ అతుక్కుపోయాయి. పోర్చుగల్‌లో ఎవడో ఈత నేర్చుకుంటే ఇక్కడ మన ప్రొఫెసర్‌కి జలుబు చేసింది!"

"అబ్బో!" అన్నాడు వైనో.

"అబ్బో ఏంటి, అసలు కథ ముందుంది." ఇంకో గరిటెడు పోశాడు. "రెయిన్‌డీర్ల మందొకటి సరిహద్దు దాటొచ్చింది. అక్కడ నాచు ఏరుకోవడం, ఇక్కడ మంచు తవ్వుకోవడం నేర్చాయి. రెండు దేశాల చదువు కాదూ మరి! నొక్కాను. తెల్లారేసరికి మందంతా గ్రాడ్యుయేట్లే! ముందు నడిచేదానికి లెక్చరర్ పోస్టు కూడా ఇస్తామన్నారు. కొమ్ములు తలుపులో పట్టక అదే వద్దంది."

వైనో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇల్మరికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తౌనో బాబాయ్, రెయిన్‌డీర్లకి కూడా సర్టిఫికెట్ వచ్చేసింది గానీ, నా నార్వే కోర్సుది ఇంకా రాలేదు. రేపు పొద్దున్నే ఆస్పత్రిలో చూపించాలి."

తౌనో చేతిలో గరిటె ఆగిపోయింది.

"రేపేనా? అయ్యో, వచ్చేవారం చూద్దాంలే అని పక్కన పెట్టానురా నాన్నా!"

గరిటె వైనో చేతిలో పెట్టి, తువ్వాలు చుట్టుకుని, గబగబా కిందికి దిగాడు. అందరికంటే ముందు.

"ఒరేయ్, బుద్ధెరిగాక దిగలేదన్నావే!" అని అరిచాడు వైనో.

"ల్యాప్‌టాప్ బట్టల గదిలో ఉందయ్యా!"

ఇల్మరి వెనకే పరిగెత్తాడు. తౌనో చెమట కారుతూ బెంచీ మీద కూర్చుని, కళ్ళద్దాలు తుడిచి తుడిచి, ఒక్కో గడీ సరిచూసి మీట నొక్కాడు. కొక్కేనికి వేలాడుతున్న ఇల్మరి కోటు జేబులో ఫోన్ టింగుమంది.

"చూశావా," అన్నాడు తౌనో రొప్పుతూ, "ఒక్క నొక్కు!"

ఈసారి కోతలని ఎవరూ అనలేదు.