నోరున్నవాడికి చెవులు

ఆ పూలు నీళ్ళ తొట్టి పక్కన పెట్టు. ముందు యాంటెన్నా మీంచి చెయ్యి తియ్యి, ఒరెస్తెస్. పరామర్శ తర్వాత చేద్దువుగాని.

అందులో కూర్చోకు. అది మా అన్నయ్య ఊగుడు కుర్చీ. ఆ స్టూలు లాక్కో. మనిషిని పూడ్చిన మట్టింకా ఆరలేదు, అప్పుడే వచ్చేశావు. పైగా ఇస్త్రీ చొక్కా ఒకటి.

ఏంటీ, రేడియో క్లబ్బు తరఫున వచ్చావా? ఓహో. అధ్యక్షులవారి హోదాలో అన్నమాట. మా అన్నయ్య ఎవెలియో గుర్తుగా ఈ యాంటెన్నాని గాజు బీరువాలో పెట్టి, కింద పేరు రాయిస్తారా? ఎంత గౌరవం. బతికున్నప్పుడు ఒక్కనాడు ఈ గుమ్మం తొక్కావా నువ్వు?

నన్ను చూస్తే అంత వెర్రిదానిలా ఉన్నానా? ఇది నీకు గాజు బీరువాకి కాదు కావలసింది, నీ మేడ మీదకి. ఎందుకంటే నీకు వినపడదు. ఈ గిబారా ఊళ్ళో రేడియో సెట్టు ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు నీకు వినపడదని. తెలియనిది నీ ఒక్కడికే.

నిన్ను మొసలి అంటారయ్యా. ఎవరూ చెప్పలేదా? నోరు బారెడు, చెవులు సున్నా. మన మాటలు అందుకుని సముద్రాల అవతలికి పంపే ఆ ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ నువ్వు గొంతు చించుకుంటావు కదా, ఎవరూ పలకడం లేదు, పైన ఎవరూ లేరు అని క్లబ్బులో చెప్పుకుంటావు కదా? అందరూ ఉన్నారక్కడ. అందరూ నిన్నే తిడుతున్నారు. సముద్రం అవతల యుకతాన్ వాడు తిడతాడు, మార్తినిక్ దీవి వాడు ఫ్రెంచిలో తిడతాడు. నేను రోజూ విన్నాను. భలే నవ్వొచ్చేది మొదట్లో.

తుఫానుకి కూలిన టీవీ యాంటెన్నాల గొట్టాలు క్లబ్బుకొచ్చాయి, గుర్తుందా? తలా కాస్త పంచుతానన్నావు. పొద్దు తిరిగేసరికి అన్నీ నీ మేడెక్కి కూర్చున్నాయి. సరే, ఎక్కించుకున్నావు. వాటితో వినే యాంటెన్నా కట్టుకోవచ్చుగా? అబ్బే. ముక్క మిగల్చకుండా అరిచే యాంటెన్నాకే పెట్టావు. అది చాలనట్టు పాత టాక్సీ రేడియో సెట్టులోంచి పీకిన, గొంతు పెంచే ఆంప్లిఫయరొకటి. వినడానికేమో కారు మీద ఉండేలాంటి ఇనప చువ్వ.

మా అన్నయ్య చెప్పాడు నీకు. నేను పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకుని ఉన్నాను. "ఒరెస్తెస్, పైకి మాట చేరడానికి చేతిలో సెట్టు చాలు నాయనా. ఉపగ్రహం కిందకి పంపేదే చీమ గొంతంత ఉంటుంది. మనం లేనివాళ్ళం. ఉన్న కాస్తా చెవికి పెట్టుకోవాలి, మిగిలితే నోటికి" అన్నాడు. నువ్వేమన్నావు? "నీ బీద ఏడుపులు నా దగ్గర ఏడవకు ఎవెలియో" అన్నావు. నవ్వుతూనే అన్నావులే. నువ్వు ఏదైనా నవ్వుతూనే అంటావు.

ఇటు చూడు, ఈ యాంటెన్నా మీద అంకెలు. మా నాన్న పడవలు కట్టేవాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ఈ ఉక్కు కొలత టేపొక్కటే. దాన్ని అన్నయ్య రేకులు కోసే కత్తెరతో ముక్కలు చేశాడు. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఒసే డెల్ఫినా, నాన్న సామాను పెట్టెలో తుప్పు పడితే బాగుంటుందా?" అన్నాడు. చీపురు కర్రకి గొట్టాల బిగింపులతో బిగించాడు. ఈ పొడుగు ముక్కలు పంపడానికి. వీటికి అడ్డంగా ఉన్న పొట్టివి వినడానికి. మంచి కేబులు మూరెడు దొరికితే దాన్ని చెవికే పెట్టాడు. నోటికి పాత టీవీ వైరు.

సిమెంటు దుమ్ము తిన్న ఊపిరితిత్తులాయె అన్నయ్యవి. కర్ర ఎత్తితే ఆయాసం. అందుకని నేను పట్టుకునేదాన్ని. వీధిలో కుర్రాళ్ళు ఆయన్ని కుర్చీతో సహా మేడ మీదకి చేర్చేవాళ్ళు. ఆ కొండ వెనక లేచేది ఉపగ్రహం, కాఫీ చల్లారేలోపు సముద్రంలో దిగిపోయేది. దాని వెంటే కర్ర తిప్పాలి. గొంతు సన్నబడితే మణికట్టు మెలిపెట్టాలి. ఆయన కళ్ళు మూసుకుని వింటుంటే నేను ఆయన మొహం చూసి తిప్పేదాన్ని. నా చెవిలోనూ ఇయర్‌ఫోను ఒకటి పెట్టేవాడు, సరదాపడతానని.

ఆ, ఆ మాట నువ్వే ఎత్తావు. రేడియోలో మాట్లాడే లైసెన్సు. నేనూ పరీక్షకొచ్చాను కదా. నువ్వేగా పెద్దమనిషిలా బల్ల వెనక కూర్చున్నది. నేను రాసిన కాగితం తిరగేసైనా చూశావా? "డెల్ఫినా, నువ్వు మా ఎవెలియోకి స్టాండువమ్మా. స్టాండుకి లైసెన్సెందుకు?" అన్నావు. హాలంతా నవ్వింది. సిగ్గులేక నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బియ్యంలో రాళ్ళేరుతూ ఏడ్చాను. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

కదలకు. ఇంకా అయిపోలేదు.

అంపారో ఎవరో తెలుసా నీకు? ఎలా తెలుస్తుంది, నువ్వు వింటేగా. కొలంబియాలో, బారన్‌కియా ఊళ్ళో మందుల షాపు ఆమెది. ఏళ్ళ తరబడి మా అన్నయ్యా ఆమే ఆ ఉపగ్రహం మీద పలకరించుకున్నారు. ఎంత సేపనుకున్నావు? ఊరు పేరు, వాన పడిందా, తిన్నావా, ఉంటా మరి. అంతే. అది అందరి దారి, మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకుంటే పక్కవాళ్ళకి అడ్డం. ఇద్దరూ మర్యాదస్తులు. "ఇవాళ జామకాయలు దొరికాయి" అని ఆమె అంటే ఈయన సాయంత్రం దాకా అదే తలుచుకుని కూర్చునేవాడు. ఫోన్ నంబరడగవయ్యా అని పోరాను. "అడిగితే ఇబ్బంది పడుతుందేమో" అనేవాడు, ఆ వయసులో.

ఆఖరికి డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు. ఆ రోజు గెడ్డం గీసుకున్నాడు అన్నయ్య. రేడియోలో ఎవరు చూస్తారని గెడ్డం? తెల్ల చొక్కా వేసుకుని పైకెక్కించమన్నాడు. ఉపగ్రహం లేచింది. అందరూ ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. ఈయన మధ్యలో ఆగి ఆగి అడిగాడు. "అంపారో, నేను రాగలిగినవాణ్ణయ్యుంటే, నన్ను చేసుకునేదానివా?"

ఒరెస్తెస్, సముద్రం మొత్తం నోరు మూసుకుంది. ఆ తిట్టుబోతు మార్తినిక్ వాడు కూడా. ఒక్కడు మాట్లాడే మీట నొక్కలేదు. అంతమంది పరాయివాళ్ళు ఊపిరి బిగబట్టి, ఒక ముసలాయనకి జవాబు రావాలని దారిచ్చారు. నా చేతులు నొప్పెడుతున్నాయి, అయినా కర్ర కదల్చలేదు. "ఎవెలియో," అంది ఆమె.

అప్పుడు నువ్వు వచ్చావు.

"హలో హలో, ఎవరైనా ఉన్నారా, గిబారా నుంచి పిలుస్తున్నాను." నీ పేరు. నీ హోదా. మళ్ళీ నీ పేరు. ఆ ఉపగ్రహానికి ఒక్కటే చెవి, ఎవడు గట్టిగా అరిస్తే వాడి మాటే కిందకి పంపుతుంది. మా గొట్టాలన్నీ ఎత్తుకెళ్ళి కట్టుకున్నావే, దాంతో నువ్వు అరుస్తుంటే కొలంబియాలో ఆడమనిషి గొంతు ఎక్కడ నిలుస్తుంది? అది సముద్రంలో దిగేదాకా పిలిచావు. ఆఖర్న "ఇవాళ కూడా ఎవరూ లేరు" అని కూడా అన్నావు. విన్నాను.

నేను కర్ర పడేసి నీ ఇంటికి బయల్దేరాను. కొట్టేదాన్నే నిన్ను. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏమన్నాడో తెలుసా? దగ్గుతూనే, "ఒరెస్తెస్ గొంతు ఎంత స్పష్టంగా వస్తోందే" అన్నాడు. "వాడికి వినపడదే పాపం. వినపడితే అలా చేస్తాడా?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఊపిరందక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ ఇంటికి రాలేదు. అక్కడ పడుకుని నన్ను ఒకటే అడగడం. "నీకేమైనా వినపడిందా? అవునని ఉంటుందంటావా?" అవుననే ఉంటుందిలే అన్నాను. నాకేం తెలుసు? మొదట్లో నమ్మాడు. తర్వాత నా మొహం చూశాడు, అంతే, అడగడం మానేశాడు. అలాగే పోయాడు. తెలియకుండానే పోయాడు.

తల దించుకుంటే లాభం లేదు. తలెత్తు. ఇంకా ఉంది.

పూడ్చి వచ్చిన మర్నాడు నేను కర్ర పట్టుకుని ఒక్కదాన్నే మేడెక్కాను. ఎందుకో నాకే తెలీదు. ఆమె ఉంది. "ఎవెలియో, విన్నావా నేను చెప్పింది? వినకపోతే పలుకు, మళ్ళీ చెప్తాను" అంటోంది. మిగతావాళ్ళు ఆమెకి దారిచ్చి కాచుకున్నారు. మర్నాడూ అదే మాట. నిన్న కూడా. జవాబేంటో మాత్రం చెప్పదు. ఆయన పలికితేనే చెప్తుందట.

నేనెందుకు చెప్పలేదంటావా? బాగా అడిగావు. నాకు చెవులున్నాయి, నోరు లేదు. లైసెన్సు లేనిదాన్ని, మీట నొక్కకూడదు. మా అన్నయ్య జన్మంతా రూలు తప్పలేదు, నేనెలా తప్పుతాను? స్టాండుని కదా.

ఊళ్ళో ఉపగ్రహం దాకా మాట పంపేది మీరిద్దరే. ఆయన పోయాడు. ఇక నువ్వున్నావు.

తీసుకో. నీదే ఇది. నిజంగానే. అన్నయ్య ఆసుపత్రిలో చెప్పాడు. "నేను పోయాక దీన్ని ఒరెస్తెస్‌కియ్యవే. వాడికి చెవులు కావాలి" అని. ఆయన మంచితనంతో అన్నాడు. నేను మంచిదాన్ని కాను కాబట్టి ఇస్తున్నాను. ఇది చేతిలో ఉంటే నీకన్నీ వినపడతాయి. ఎవరెవరు ఎలా తిడుతున్నారో వినపడుతుంది. ఆమె పిలుపు వినపడుతుంది. వినపడలేదని చెప్పుకునే వీలుండదు ఇక.

లే. పైకి పద. టైమయింది. ఈ మెట్టు ఊగుతుంది, చూసుకో. చెవిలో ఇది పెట్టుకో. సెట్టు ఇది. మీట ఇక్కడ, నీకు చెప్పేదేముంది, నొక్కడంలో చెయ్యి తిరిగినవాడివి. అదిగో, కొండకేసి పట్టు. పైకి కాదు, కిందకి, కొండ అంచుకి.

ఆమెకి నువ్వు చెప్పాలి. ఎవెలియో పోయాడని. ఆమె జవాబు మా అన్నయ్యకి వినపడలేదని. ఎందుకు వినపడలేదో కూడా, నీ పేరుతో సహా చెప్పాలి. నీ పేరు చెప్పడం నీకిష్టమేగా. మార్తినిక్ దాకా అందరూ వింటారు. జవాబేంటని మాత్రం అడక్కు. అది నీకోసం దాచింది కాదు.

ఏంటలా చూస్తావు? ఇంకో మాట చెప్పనా? ఆ లైసెన్సు, రూలు, అంతా ఒట్టిది. నొక్కాలనుకుంటే నేను ఏనాడో నొక్కేదాన్ని. ఎవడొచ్చి పట్టుకుంటాడు నన్ను? నేనే నొక్కలేదు. అంపారోలాంటి మంచి మనిషిని రోజూ అలా పిలవనిచ్చాను. నువ్వు ఈ యాంటెన్నా కోసం వస్తావని తెలుసు, ఆ మాట నీ నోట్లోంచే రావాలని ఆగాను. పాపమే. చుట్టుకుంటే చుట్టుకోనీ.

ఉష్. వచ్చింది కదూ? పిలుస్తోంది కదూ? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

కర్ర వణికించకు, ఆమె గొంతు పోతుంది. రెండో చేత్తో కూడా పట్టుకో. ఊఁ, అలాగ. స్టాండు పని తేలికనుకున్నావా?

నొక్కు.