పూజలో ఉన్న ప్రింటరు

ఎంత ఊడదీసినా ఆ పువ్వులన్నీ ఒక్కసారిగా రావు గిరీ. చామంతి రేకులు ప్రింటరు రోలరుకు సుట్టుకోనుండాయి. పట్టకారుతో మెల్లగా లాగు నాయనా.

ఏందీ, ఎలకనా? పూలమాలను రోలర్లోకి తోసే ఎలకను యాడన్నా సూసినావా? ఎవురు నమ్ముతారబ్బా!

నిన్న సాయంత్రం ఆయుధపూజ గదా. జూసు మిషన్లకీ, బాయిలరుకీ, దీనికీ పసుపూ కుంకం పెట్టి, మాలలేసి, మా ఓనరు ఈ రూముకు తాళమేసినాడు. తెల్లారి టెంకాయ కొట్టిందాకా ఎవురూ ఏ మిషనూ ముట్టగూడదంట. సరే, ముట్టం. అయితే పచ్చలైటు దీపం మాదిరి వెలగతా ఉండల్లని కంప్యూటరునీ, ప్రింటరునీ ఆపకుండానే పొయినాడు సూడు, ఆడొచ్చింది తంటా.

ఆయనట్ల పొయినాడో లేదో, చెంగమ్మ వచ్చింది. సీజన్లో మన ఫ్యాక్టరీకి మామిడికాయలు కోస్తాదే, ఆమే. కొడుకు మన బాయిలరు కాడ పనిచేస్తాడు. కడుపునొప్పని వేలూరు ఆసుపత్రికి తీసకపోతే, పొద్దున్నే ఆపరేషను జెయ్యాలన్నారంట. ఈడ పనిచేస్తాడని ఫ్యాక్టరీ కాగితముంటే ఆసుపత్రి ఖర్చులో రాయితీ వస్తాది. "కాగితం లేకపోతే వాణ్ణి ఇంటికే తోడకపోతా రేవతమ్మా, ఏం జెయ్యను?" అనింది.

ఓనరుకు ఫోన్ జేస్తే, "ఇద్దాంలేమ్మా, రేపు పూజయినాక" అన్నాడు. కడుపునొప్పి టెంకాయ కోసరం కాసుకోనుంటాదా?

బయట ప్రింటు తీపిద్దామంటే ఊర్లో షాపులన్నీ పూజ జేసి మూసినారు. ఫ్యాక్టరీ పేరున్న కాగితాలేమో దీని ట్రేలోనే ఉండాయి. సీలొకటే నా కాడుండేది.

అప్పుడు, మొన్న కంప్యూటర్లు బాగుచేసేకి వచ్చినప్పుడు నువ్వన్న మాట గుర్తుకొచ్చింది. ఏం, తలొంచుకుంటావే? నా కంప్యూటరుకు ప్రింటరును నడిపే డ్రైవరు సీడీ దొరకలేదు, కొత్తది కొనిందాకా దాంట్లోంచి ప్రింటు రాదని ఓనరుతో చెప్పినావు. ఆయన అట్ల పోంగానే నాతో ఏమన్నావు? "ఏమీ ఎక్కించబళ్ళేదక్కా. నెట్‌వర్కులో సారు కంప్యూటరు తెరిచి, ప్రింటరు బొమ్మ మింద రెండుసార్లు నొక్కు. కావాల్సింది అదే తెచ్చుకుంటాది" అన్లేదా?

నొక్కినా. కాగితం టైపు జేసి ప్రింటు కొట్టినా.

తాళం తియ్యలేదు, మిషన్ను ముట్టలేదు. అయినా గోడకవతల గడగడమని మొదలయింది. ప్రింటరు పక్కనే ఉండే జీతాలిచ్చే కిటికీలోంచి చెయ్యి దూర్చి కాగితం లాక్కున్నా. అంచున కుంకం మరక. సీలేసిచ్చినా. చెంగమ్మ దాన్ని కండ్లకద్దుకోని బస్టాండుకు పరిగెత్తింది. ఆ తొందర్లో మాల సంగతి ఎవురు సూసినారు?

పొద్దున ఓనరు తలుపు తీస్తే సగం మాల లోపల, సగం బయట. ఆయనది గాక రెండో తాళం చెవి వాచ్‌మన్ మునివెంకటప్ప కాడ తప్ప ఇంకెవురి కాడా లేదు. నా కంప్యూటర్లోంచి ప్రింటు రాదని నువ్వు చెప్పిన మాటే ఆయన తలకాయలో ఉండాది గదా. పూజలో ఉండే రూము తెరిచి మిషన్ను కెలికినావని ముసిలాయన్ను నానా మాటలన్నాడు. రేపట్నించి రావద్దన్నాడు.

నేనాడనే ఉండా గిరీ. ప్రింటు కొట్టింది నేనని చెప్పలేదు. ఇంట్లో నా జీతమొకటే, అది నీకూ తెలుసు. మునివెంకటప్ప టార్చిలైటు తెచ్చి నా టేబుల్ మింద పెట్టి, "కొత్తోడికియ్యమ్మా" అని పొయినాడు.

ఎలకని చెప్తానంటావు. ఎలకకు ప్రింటు కొట్టేది ఎవురు నేర్పించినారని అడగడా ఆయన? వద్దులే. నీ పేరు మాత్రం ఎత్తను, భయపడొద్దు. నాకే తెలిసిందని చెప్తా.

చెంగమ్మ ఇందాకే ఫోన్ జేసింది. ఆపరేషను అయిపొయిందంట, కొడుకు కండ్లు తెరిచినాడంట. ఆ మాట విన్నాక కూడా నోరు మూసుకోనుంటే, తిన్న కూడు వంటికి పడతాదా?

నువ్వు పువ్వులు లాగతా ఉండు. నీ పక్కన పెట్టినా సూడు, ఆ టార్చిలైటు ఇట్లియ్యి, ముందు ఓనరు కాడికి పోతా, ఆనించి ముసిలాయనింటికి. నా టిఫిన్ డబ్బా కూడా అందుకో నాయనా. దానికోసరం మళ్ళా ఈడికి ఎవురొస్తారు?