జీపులో కూచోమన్న రోజు

"అవ్వా, ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటే ముందు నిన్ను అడగమనింది అమ్మ. కొత్త ప్రాజెక్టు నాకియ్యకుండా నా కింద పనిచేసే పిల్లోనికిచ్చినారు. పెండ్లయింది కదా, నీకు ఊర్లు తిరిగే పనెందుకు అన్యారు. నువ్వైతే ఏం చేస్తావ్?"

ఏం చేస్తానా? ముందు కూచో. కాళ్ళు పైన పెట్టుకోని కూచో. నేను చేసింది చెప్తా, ఇన్యాక నీ ఇష్టం.

మా నాయన కోయిలకుంట్లలో దూది ఏకి పరుపులు కుట్టేటోడని తెలుసు కదా నీకు. అట్లాటోడు నన్ను ఇంజనీరు చదివిస్తే మా దూదేకులోళ్ళ ఇండ్లల్లో వింతగా చెప్పుకునిరి. ఉద్యోగం నంద్యాలలో, కాలవల ఆఫీసులో. ఆఫీసు మొత్తానికి ఆడమనిషి నేనొక్కదాన్నే... కాదులే, టైపు కొట్టే ఆమె ఇంగొగామె ఉండ్య. ఇంజనీర్లలో నేనొక్కదాన్నే.

మా పైన పెద్దింజనీరు ఉండ్య. చెడ్డోడు కాదు, అది గుర్తు పెట్టుకో. కాకపోతే నన్ను కాలవ మీదికి పంపడు. ఎండకు నువ్వేం తిరుగుతావమ్మా, ఎస్టిమేట్లు రాసుకో అనేటోడు. రాస్తి. ఏండ్ల తరబడి రాస్తి. నా ఎనక చేరినోళ్ళు కాలవ మీద తిరిగి నాకు పైన పోయిరి. నా ప్రమోషను సంగతేందని అడిగితే, నీకు ఫీల్డు సర్వీసు లేదు కదమ్మా అన్యారు. పంపంది వాళ్ళే, లేదనేదీ వాళ్ళే.

మీ తాత మిషన్ కుట్టుకుంటానే ఇని, "పోయి అడుగు. అడిగినందుకు ఉద్యోగం పీకుతారా?" అన్యాడు. అడిగితి. సార్, కాలవ నాకియ్యండి, చేతకాకపోతే అప్పుడు తీసేయండి అంటి. ఆయప్ప ముందరున్న ఫైలు మూసి, ఆళ్ళగడ్డ తట్టు కాలవ సెక్షన్ ఇచ్చె. అప్పుడు ఆళ్ళగడ్డకు బస్సు టికెట్టు మూడు రూపాయలో, నాలుగో... యాడ గుర్తుంటాది. మీ అమ్మ అప్పుడే బళ్ళో చేరింది. నేను తెల్లారేసరికి బస్సెక్కితే మీ తాతే జడలేసి పంపుతాండ్య. వంకరటింకరగా.

ఆళ్ళగడ్డలో మొదటి గొడవ తూము కాడ వచ్చె. పై ఊరి రైతుల నీళ్ళ వంతు అయిపాయ. ఇంగ వాళ్ళ తూము మూసి కింది ఊర్లకు నీళ్ళు పంపాల. కింద వరి పొట్టకొచ్చి ఎండుతాంది. పైనోళ్ళు మూయనియ్యరు, తూము మీదనే కూచున్యారు. తూములు తిప్పే లష్కరు ఓబులేసు నా పక్కన నిలబడుకోని నేల చూస్తాండాడు.

వాళ్ళల్లో పెద్దమనిషి ఒగాయన, "ఆడమనిషివని మర్యాదిస్తాండాం. ఎల్లిపో" అన్యాడు.

"ఆడమనిషినని ఇయ్యొద్దప్పా. ఇంజనీరుకు ఏం చెప్తావో అదే చెప్పు" అంటి. భయమాయ, అబద్దమెందుకు చెప్పాల. కానీ ఆన్నుంచి కదల్లే.

ఎవరు కబురు పెట్టినారో, మధ్యాన్నానికి నంద్యాల నుంచి పెద్దింజనీరు జీపు వచ్చె. రైతులంతా ఆయప్ప సుట్టూ చేరిరి. నేనొకదాన్ని ఆడ ఉండానని కూడా ఎవరికీ పట్టలే. ఆయప్ప నా తట్టు తిరిగి, కూతురికి చెప్పినట్ల, "నువ్వు పోయి జీపులో కూచోమ్మా, నేను మాట్లాడతా" అన్యాడు.

చూడు పాపా, ఎల్లిపో అన్నప్పటికంటే ఈ మాటకే నాకు కష్టమాయ. తిట్టినోనికి ఎదురు చెప్పొచ్చు. మంచిగా చెప్పేటోనికి ఎట్ల చెప్తావ్? జీపులో నీడుంది. ఎండకు నాకు తల తిరుగుతాంది. పోయి కూచుంటే ఎవరూ ఏమీ అనరు.

"సార్, ఈపొద్దు నేను జీపులో కూచుంటే రేపటి నుంచి ఈ కాలవ మీద నా మాట ఎవరింటారు? మీరొచ్చింది మంచిదే. పక్కనుండండి. చెప్పేది నన్ను చెప్పనీండి."

అందరి ముందర అంటి. ఆయప్ప మొగం ఎర్రగాయ. ఇంగ నా పని అయిపాయ అనుకుంటి. ఆయప్ప మాత్రం ఒగడుగు ఎనక్కేసి నిలబడె. రైతులు ఆయన్ని చూస్తాండారు, ఆయన నన్ను చూస్తాండాడు. అప్పుడు చెప్తి, మీ వంతు మళ్ళా వచ్చినప్పుడు నేనే వచ్చి నీళ్ళు ఇడుస్తా, కిందోళ్ళు అడ్డమొచ్చినా ఇట్లనే నిలబడతా, ఈపొద్దు మాత్రం మూస్తాండా అని. తిప్పప్పా అంటే ఓబులేసు పెద్దసారు తట్టు చూసె.

"ఆయన కాదు, నేను చెప్తాండా."

తిప్పె. పైనోళ్ళు తిట్టుకుంటానే లేచిపోయిరి. సాయంత్రానికి కింది ఊర్లకు నీళ్ళు దిగె.

పెద్దింజనీరు కొన్నాళ్ళు నాతో మాట్లాడలే. ప్రమోషను యెంటనే రాలే, రావాల్సిన దానికంటే శానా లేటుగా వచ్చె. ఆ మాట నీకు దాచను. కానీ కాలవ మాత్రం మళ్ళా నా చేతిలో నుంచి ఎవరూ తీసుకోలే.

రాజీనామా ఇస్తే ఇయ్యి, నీ చదువు యాడికీ పోదు. కానీ అడక్కుండా ఇయ్యొద్దు. గదిలో ఒంటరిగా కాదు, అందరుండే మీటింగులో అడుగు. ఏడ్చేది లేదు, అరిచేది లేదు. నా పని నాకియ్యండి, తిరిగేది తిరగంది నేను చూసుకుంటా అను. దేవుడు నిన్ను సల్లగా చూడాల తల్లీ, నీ మాట నిలబడాల.

ఆ, ఇంగొకటి. అడిగేటప్పుడు లేచి నిలబడి అడుగు. కూచోని అడిగితే గొంతు లోపలికే పోతాది. నాకైతే అట్లనే ఉండ్య మరి, మొదట్లో...