ఊదా కంకులు, ఊడిన ఉంగరం

పెరూ దేశంలో, అరెకిపా ఊళ్లో ఒక వంటిల్లు. పొయ్యి మీద ఊదారంగు మొక్కజొన్న కంకులు ఉడుకుతున్నాయి. కీళ్లవాతంతో వేళ్లు వాచిన డొమితిలా నేలంతా వెతుకుతోంది. మొగుడు యులోహియో అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం పోయిందే?"

"నా పెళ్లి ఉంగరం! అలా చూస్తావేం, నువ్వూ వంగి వెతుకు."

"సబ్బు రాసినా, నూనె రాసినా కదలనిదేనా?"

"అదేనయ్యా. డాక్టరమ్మ కత్తిరిస్తానంటే ఏడ్చి గోల చేశానే, అదే. కంకులు కడుగుతుంటే జారినట్టుంది."

"ఎలా జారుతుంది? ఏదీ, ఆ వేలు ఇలా చూపించు. ఓసి పిచ్చిదానా, వాపు తగ్గిందే!"

"నిజమే సుమా! మాత్రలు పనిచేశాయేమో."

"మాత్రలు ఏళ్ల తరబడి మింగుతున్నావుగా. ఈ కంకులు ఉడికించిన ఊదా నీళ్లు, ఆకుకూరలు మొదలెట్టాకే ఈ మార్పు."

"ఆ రంగులో వాపును అణిచే గుణం ఉందంటారు. అలాగని మాత్రలు మానొద్దంది డాక్టరమ్మ. మానాల్సింది వేయించిన పంది మాంసమట."

"అది నాతోనూ మాన్పించావు! నాకేం వాచిందని?"

"నీ పొట్ట."

"సర్లే, పిడికిలి బిగించు చూద్దాం."

"బిగుస్తోంది! యులోహియో, బిగుస్తోందయ్యా! పద, ఇక ఉంగరం వెతుకుదాం."

"అదెక్కడికీ పోదు. నొప్పని ఎన్నాళ్లుగానో చెయ్యి ముట్టుకోనివ్వలేదు నువ్వు. ముందు ఇలా ఇవ్వు."

"మెల్లగా..."

"నొప్పెడుతోందా?"

"లేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకో."