ఉన్నావా మామయ్య కావలి

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఇంట్లో చిన్నా పెద్దా అందరం ఆయన్ని ఉన్నావా మామయ్య అంటాం. ఉద్యోగమంతా వెబ్‌సైట్లని "ఉన్నావా?" అని అడగడంతోనే గడిపిన మనిషి మరి. దేవుడు ఆయనకి మంచి మనసిచ్చాడు, నలుగురికి సరిపోయే గొంతిచ్చాడు, కొలత ఒక్కటే ఇవ్వడం మరిచిపోయాడు. ఆయన నోట్లో పడితే చెంబు గంగాళమై బయటికొస్తుంది.

ఆ ఆదివారం నాన్నగారిని తలుచుకుంటూ మేం ఏటా చేసుకునే ప్రార్థన. నాన్నగారు భక్తిపాటలు పాడేవారు. ఆయన ఉండగానే మామయ్య వాటిని రికార్డు చేసి, ఒక సైటు కట్టి అందులో పెట్టాడు. మేం పిల్లలం దాన్ని తెరిచి చాలా కాలమైంది. మామయ్య కనిపెట్టుకుని ఉన్నాడు కదా అన్న ధీమా. మా చెల్లెలికి ఈమధ్యే పెళ్ళయింది, కొత్తల్లుడు మామగారి గొంతు ఎన్నడూ వినలేదు. "సాయంత్రం ప్రార్థనలో బావ పాట వినిపించే పూచీ నాది," అని మామయ్య పొద్దున్నే అందరికీ మాటిచ్చేశాడు. అది విని అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది.

భోజనాలయ్యాక వరండాలో చేరాం. మామయ్య పేము కుర్చీలో సర్దుకుని, టీ గ్లాసు పుచ్చుకుని, కొత్తల్లుడి వైపు తిరిగాడు.

"అబ్బాయ్, నువ్వూ కంప్యూటర్లవాడివే కాబట్టి నీకర్థమవుతుంది. వీళ్ళకి చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయింది. మీకున్నట్టు రంగురంగుల బొమ్మలూ, గీతలూ మాకు లేవు. ఒక నల్లతెర, దాని మీద మిణుకుమిణుకుమనే చిన్న గీత, అంతే. దాని ముందు కూర్చుని నేనొక కమాండు రాశా. ఒక్కటంటే ఒక్క వరుస. అది నిమిషానికోసారి పోయి సైటు తలుపు తట్టి 'ఉన్నావా?' అంటుంది. 'రెండొందలు' అని జవాబొచ్చిందా, కులాసా. 'ఐదొందలు' అందా, ఒంట్లో బాగాలేదు. అసలు పలక్కపోతే నా దగ్గర గంట మోగుతుంది. మొట్టమొదట ఆ కావలి పెట్టింది దేనికనుకున్నావ్? మీ మామగారి పాటల సైటుకే. అబ్బ, ఏం గొంతు నాయనా అది! మా ముందుగదిలో ఆయన పాడుతుంటే పైన పంకా కూడా ఊపిరి బిగబట్టేది."

"బిగబట్టడమేమిటి, రికార్డులో గరగర వస్తోందని నేనే కట్టేశాను," అంది ఆయన ఎడమపక్కనే కూర్చున్న అత్తయ్య. "ఆ మధ్యాహ్నమంతా చెమటలు కక్కుతూ కూర్చున్నాం."

"సరే, నువ్వు కట్టేశావు, అది ఒప్పుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసులో మా పెద్దాయన నా తెర చూశాడు. 'ఇదేమిటయ్యా?' అన్నాడు. 'కావలి సార్,' అన్నా. ఇంకేముంది, ఆఫీసు సైట్లన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. పదయ్యాయి, వందయ్యాయి, తర్వాత నేను లెక్కపెట్టడం మానేశా. ఒక్కోదానికి ఒక్కో చప్పుడు పెట్టా. బ్యాంకుకి బరువైన గంట, బడికి బడిగంట, బట్టలకొట్టుకి గాజుల గలగల. నేను స్నానాలగదిలో ఒంటికి సబ్బు రాసుకుంటూ కూడా 'అదిగో, బట్టలకొట్టు పడింది!' అని కేకేసేవాణ్ణి."

"ఇంట్లో నీళ్ళమోటారు కాలి పొగలొస్తుంటే మాత్రం ఈయనకి వాసనైనా తగల్లేదు వదినా," అంది అత్తయ్య అమ్మతో.

"మోటారుకి నేను కావలి పెట్టలేదుగా! అడగందే ఎవరికి తెలుస్తుంది? నువ్వు మధ్యలో రాకు. విను అబ్బాయ్. రానురాను నా కమాండుకి తెలివి ముదిరింది. పడ్డాక చెప్పడం పోయి, పడబోతుంటే ముందే చెప్పడం మొదలెట్టింది. జవాబు ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే చాలు, పాపం నీరసంగా ఉందని పసిగట్టేసేవాణ్ణి. ఒకసారి సముద్రాల అవతల ఒక సైటుకి ఊపిరాడట్లేదు. దాని మెషీను అక్కడ కాగిపోతోంది, ఇక్కడ నా తెర మీద చెమట! చేత్తో తుడిచా, మళ్ళీ పట్టింది. ఇహ లాభం లేదని విసనకర్ర తీసుకుని తెరకి విసరడం మొదలెట్టా. విసిరా, విసిరా, విసిరా. అవతల మెషీను చల్లబడి 'రెండొందలు' అంది. వెంటనే అక్కడివాళ్ళ దగ్గర్నించి ఫోను, 'అయ్యా, మీ ఉపకారం మరిచిపోలేం, కాస్త మెల్లగా విసరండి, మాకు జలుబు చేస్తోంది' అని."

కొత్తల్లుడు ముఖం చాలా మర్యాదగా పెట్టాడు. "మధ్యలో సముద్రం కదా బాబాయిగారూ, గాలికి తేమ పట్టిందేమో."

"అదీ! తెలివైనవాడివి! జలుబు అందుకే."

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. మామయ్య టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిందంటే అసలుది వస్తోందని మాకు తెలుసు.

"ఒకనాడు, సరిగ్గా ఇలాంటి ఎండపూటే, గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆఫీసు పైకప్పు పెచ్చులూడింది. భూమ్మీద సైటన్నది లేదు! ఎక్కడ దిగాలో తెలియక విమానాలు పైనే చుట్లు కొడుతున్నాయి. మా పెద్దాయన కోటు విప్పి నేల మీద పరుచుకుని కూర్చుని 'బాబ్బాబు, ఇక నువ్వే దిక్కు' అంటున్నాడు. నా కమాండేమో అడిగీ అడిగీ గొంతు పోయి పడుకుంది. ఏం చేస్తా? నేనే లేచా. గోడలోంచి తీగ పీకి, దాని కొస నోటి దగ్గర పెట్టుకుని, గుండెలనిండా గాలి పీల్చి 'ఉన్నారా?' అని ఒక్క అరుపు అరిచా. ఆ అరుపు తీగ వెంట పోయింది, వీధులు దాటింది, సముద్రం అడుగున పోతుంటే చేపలన్నీ వెనక్కి తిరిగి 'మమ్మల్నేనా అండీ?' అని అడిగాయట. కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బళ్ళో హాజరు పలికినట్టు, ఒక్కోటే... 'ఉన్నానండీ', 'ఉన్నానండీ'... కోట్లు! పిలిచినవాణ్ణి, పలికినవాటికి తలూపకపోతే బాగుంటుందా? అన్నిటికీ ఊపా. ఈ మెడ ఇప్పటికీ ఎడమవైపు తిరగదు, కావాలంటే చూడు."

"ఎడమవైపు నేనున్నా కాబట్టి తిరగదు," అంది అత్తయ్య. వరండా అంతా గొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగాక మామయ్య గొంతు మారింది. "అన్నీ పడిన ఆ రోజున కూడా పడనిది ఒక్కటే. బావ సైటు. నేనుండగా అది పడదు. పొద్దున లేచి మొహమైనా కడుక్కోకుండా ముందు దాన్నే అడుగుతా. రెండొందలు! వెంటనే అక్కకి ఫోను. అవునా కాదా అక్కా?"

"అవునురా," అంది అమ్మ.

"ఇక సాయంత్రం దాకా ఎందుకు బాబాయిగారూ, ఇప్పుడే ఒకటి విందాం," అని కొత్తల్లుడు ఫోను తీశాడు.

"టీ చల్లారిపోతుంది నాయనా, తాగు ముందు," అంది అమ్మ గబగబా.

కానీ అప్పటికే పేజీ తెరుచుకుంది. శాలువా కప్పుకున్న నాన్నగారి ఫొటో, కింద వరసగా పాటలు. ఒకటి నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకొకటి నొక్కాడు. అదీ అంతే.

"సౌండు తగ్గించి ఉంటావు," అన్నాడు మామయ్య.

"పెంచే ఉంది బాబాయిగారూ."

మామయ్య సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నల్లతెర వెలిగింది. "ఇదిగో రెండొందలు. కళ్ళతో చూడు. నా కమాండు అబద్ధమాడదు."

కొత్తల్లుడు వంగి చూశాడు. "అబద్ధం కాదు. పేజీ నిజంగానే ఉంది. మీ కమాండు పేజీని మాత్రమే అడుగుతోంది. గుమ్మంలో పలకరిస్తే గుమ్మమే జవాబిస్తోంది. లోపల పాట ఉందో లేదో ఎవరూ అడగట్లేదు."

మామయ్య ఒకసారి తెర వైపు, ఒకసారి అమ్మ వైపు చూశాడు.

"వానలకి ముందే ఆగిపోయిందిరా తమ్ముడూ," అంది అమ్మ. "ఏది నొక్కినా పలకడం లేదు."

"వానలకి ముందా! రోజూ ఫోను చేస్తున్నానే! ఒక్కనాడైనా చెప్పలేదేమక్కా?"

"రోజూ చేస్తున్నావనే చెప్పలేదు. పాట పోయిందని తెలిస్తే నువ్విక దాన్ని అడగడం మానేస్తావు. పొద్దున్నే ఫోను చేసి 'అక్కా, బావ ఉన్నాడు' అంటావే, ఆ మాట విని నేను ప్రార్థనకి కూర్చుంటాను. పాట ఎలాగూ పోయింది. ఆ మాట కూడా పోగొట్టుకోనా?"

అత్తయ్య లేచి వెళ్ళి మామయ్య గ్లాసులో మళ్ళీ టీ పోసింది. ఆయన అటు చూడలేదు.

కొత్తల్లుడే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బాబాయిగారూ, వానలకి ముందు సైటుని ఎక్కడికైనా మార్చారా?"

"సైటుకి చోటిచ్చిన కంపెనీవాళ్ళు కొత్త మెషీన్లోకి మార్చామన్నారు. నా కమాండు రెండొందలే అంది, సరే అనుకున్నా."

"అయితే పేజీ కొత్తింటికి వచ్చి, పాటలు పాతింట్లోనే ఉండిపోయాయేమో. పాత మెషీను ఇంకా తీసేయకపోతే దొరుకుతాయి. పాస్‌వర్డు గుర్తుందా?"

"అది మరిచిపోతానా, మా అక్క పేరే," అన్నాడు మామయ్య. తెరకి విసనకర్ర విసిరిన చేత్తోనే ఆ నాలుగక్షరాలు కొట్టాడు. పెదవులు కదులుతున్నాయి. పక్కన అమ్మ పెదవులూ కదులుతున్నాయి. ఇద్దరిలో ఎవరి మొర దేవుడు ముందు విన్నాడో తెలియదు. తెర మీద పాటల పేర్లు బిలబిలా దిగాయి. మామయ్య ఈసారి పేజీని వదిలేసి పాటనే అడిగాడు, "ఉన్నావా?" అని.

రెండొందలు.

"ఈ మాట నమ్మను. పలికించు," అన్నాడు కొత్తల్లుడితో.

"మొదట్నించీ పెట్టు నాయనా," అంది అమ్మ. "ముందు మాటలు తోసేయకు."

"ఆ మాటలెందుకక్కా ఇప్పుడు," అన్నాడు మామయ్య సిగ్గుపడుతూ. అమ్మ వినిపించుకోలేదు.

రికార్డులో గరగర వచ్చింది. టక్కుమని పంకా ఆగింది. ఎన్నో ఏళ్ళ కిందటి మామయ్య గొంతు, ఉత్సాహంగా, వరండా అంతా నిండింది. "ఈ పాట సంగతి నాకొదిలెయ్ బావా! నేనొక్కసారి కావలి పెట్టానా, భూమి తలకిందులైనా, సముద్రాలు పొంగినా..."

చిన్న దగ్గు. ఆ వెనకే నవ్వు కలిసిన నాన్నగారి గొంతు.

"సరేనోయ్, నువ్వు కాస్త ఆగితే నేను పాడతాను."

మామయ్య ఆగాడు. నాన్నగారు అందుకున్నారు.