డెబ్బైకి డెబ్బై నాలుగు

మా వీధి మలుపులో గడియారాలు బాగుచేసే పెద్దాయన్ని అందరూ డెబ్బై అంటారు. అది ఆయన వయసు కాదు. వెండి నాణేలు అసలువో నకిలీవో తేల్చి, వాటి తీరును బట్టి డెబ్బైకి మార్కులు వేసే కంపెనీలు ఉంటాయట. ఈయన ఎప్పుడో ఒక నాణెం పంపితే అరవై మూడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలుచేసి తిరిగి పంపారు. అప్పట్నుంచీ ఆయన దేన్ని చూసినా డెబ్బైకే మార్కులు వేస్తాడు. నిన్నటి వానకి నలభై. మంగలి గీసిన గడ్డానికి అరవై. టీకొట్టు అక్క పెట్టే టీకి మాత్రం ఎప్పుడూ యాభై ఎనిమిదే. అక్క పాలు మార్చింది, టీపొడి మార్చింది, చివరికి గ్లాసులు కూడా మార్చింది. యాభై ఎనిమిది కదల్లేదు.

ఆ రోజు డెబ్బై రాకముందే టైలరు టీకొట్టుకి వచ్చాడు. వచ్చి మా బల్ల మీద ఒక వెండి నాణెం పెట్టాడు. నేనూ, పోస్ట్‌మేన్ బాబాయీ దాని వంక చూశాం. టైలరు కూతురు పుట్టినప్పుడు వాళ్ల మామగారు మనవరాలి చేతిలో పెట్టిన నాణెం అది. మామగారు పోయాక, పోయిన నెల బావమరిది భోజనానికి వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నని ఎవడో మోసం చేశాడు. ఇది ఉత్త తగరం, పైన పూత" అని నవ్వి వెళ్లాడు. ఆ రోజునుంచి టైలరు భార్య ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఇంట్లో వేరే మాటలు కూడా బాగా తగ్గిపోయాయి. ఆవిడకి కావలసింది నాణెం ఖరీదు కాదు. వాళ్ల నాన్న మోసపోలేదని ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పాలి. అందుకని టైలరు నాణేన్ని పొట్లం కట్టి, గుండుసూది గుచ్చి, కంపెనీకి పంపమని డెబ్బై చేతిలో పెట్టాడు. ఈ సాయంత్రం బావమరిది మళ్లీ భోజనానికి వస్తున్నాడు.

"మరి ఇది ఇక్కడుందేం?" అన్నాడు బాబాయి.

టైలరు తల గోక్కున్నాడు. "గుండీల డబ్బాలో దొరికింది, ఇందాకే. గుండీలు కూడా నేను ఆ కాగితంలోనే పొట్లాలు కడతాను. ఓవర్‌కోటు గుండీ ఒకటి ఇంతే ఉంటుంది, ఇంతే బరువు. డెబ్బై అన్నయ్యకి నేనిచ్చింది ఆ గుండీ."

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. టైలరు నవ్వలేదు. నాణేన్ని తీసి జేబులో వేసుకున్నాడు. "పొట్లం విప్పితే ఆయన చూసే ఉంటాడుగా? చెప్పలేదేం?" అని అక్క అడుగుతూ ఉండగానే డెబ్బై కంటికి పెట్టుకునే భూతద్దం మెళ్లో వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, ఆ పొట్లం..." అన్నాడు టైలరు లేచి.

"పొట్లమా! ఆగు తమ్ముడూ, నన్ను కూర్చోనీ ముందు. అక్కా, ఒక టీ. ఆ పొట్లం సంగతి నిలబడి చెప్పేది కాదు. ఆ రోజు నువ్విచ్చి అటు వెళ్లావో లేదో, షట్టరు సగం దించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పొట్లం విప్పాను. విప్పాక ఏమైందో తెలుసా? లైటు వేసుకునే పని లేకపోయింది."

బాబాయి బల్లకింద నా కాలు తొక్కాడు. టైలరు మళ్లీ ఏదో అనబోతే అక్క కళ్లతోనే ఆపింది.

"మీ చేత్తోనే విప్పారా?" అన్నాడు బాబాయి అమాయకంగా.

"మరి నీ చేత్తోనా? నాణేన్ని ఎక్కడ పడితే అక్కడ పట్టుకోకూడదు, అంచు మాత్రమే పట్టుకోవాలి, వేలిముద్ర పడిందంటే మార్కులు పోయినట్టే. ఇవన్నీ నీకేం తెలుస్తాయి, ఉత్తరాల మీద ఠపాఠపా ముద్రలు గుద్దేవాడివి! సరే, వేలికొస మీద నిలబెట్టి గోటితో అలా అన్నాను. వెండైతే మోగుతుంది. మోగింది. మోగుతూనే ఉంది. నేను ఇంటికెళ్లి, భోంచేసి, ఓ కునుకు తీసి, వచ్చి చూద్దును కదా, ఇంకా మోగుతోంది. షాపులో గడియారాలన్నీ టిక్కుటిక్కు మానేసి వింటున్నాయి."

"అంటే వెండేనంటావా అన్నయ్యా?" అన్నాడు టైలరు.

తనిచ్చింది గుండీ అని అతనికి తెలుసు. అయినా అడిగాడు. నాకు అప్పుడు కాస్త నవ్వు తగ్గింది.

"వెండా అని అడుగుతావేంటి! అలాంటిదాన్ని పోస్టులో పంపుతామా?"

"పంపరు పంపరు," అన్నాడు బాబాయి.

"నేనే బయల్దేరాను. రైల్లో కిటికీ పక్కన సీటు. జేబులో నాణెం. కాసేపటికి పెట్టె మొత్తం నా వైపు ఒరగడం మొదలుపెట్టింది. టికెట్లు చూసేవాడు వచ్చి, అయ్యా, మీరు మధ్యలో కూర్చోండి, లేకపోతే బండి పడిపోయేలా ఉంది అని చేతులు జోడించాడు. సరేలే పాపం అని మధ్యలో కూర్చున్నాను. ఆ కంపెనీ ఆఫీసు ఎలా ఉంటుందనుకున్నారు? గుమ్మంలోనే చెప్పులు, ఉంగరాలు, వాచీలు అన్నీ విప్పించేస్తారు. లోపల అందరికీ చేతులకి తొడుగులు. ముగ్గురు విడివిడి గదుల్లో కూర్చుని చూస్తారు, ఒకడేసిన మార్కు ఇంకొకడికి తెలియదు. మొదటివాడు చూశాడు, డెబ్బై. రెండోవాడు చూశాడు, డెబ్బై. మూడోవాడు..."

"డెబ్బై," అంది అక్క.

"కాదు. మూడోవాడు రాజీనామా రాశాడు. ఇంతకన్నా మంచిది జన్మలో చూడను, ఇంకెందుకు ఈ ఉద్యోగం అని ఇంటికెళ్లిపోయాడు. దాంతో పెద్దాయన్ని పిలిపించారు. అందరికీ మార్కులు వేయడం నేర్పినవాడు, దేనికీ డెబ్బై వేసిన పాపాన పోలేదు. ఆయన భూతద్దం పెట్టి ఒక చూపు చూసి, కళ్లద్దాలు తీసేసి తుడుచుకున్నాడు. నాణెంలో ఆయన మొహం కనిపించిందట. ఇప్పటి మొహం కాదు, పెళ్లినాటి మొహం. జుట్టుతో సహా!"

"గీతలేమైనా ఉన్నాయా గురువుగారూ?" అన్నాడు బాబాయి.

"గీతా? వెంట్రుకవాసి గీత లేదు."

"పోనీ, చిల్లులు?"

అక్క గబుక్కున అటు తిరిగి పాలగిన్నె మీద మూత పెట్టింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"నాణేనికి చిల్లులేంట్రా, నీ తలకాయ! ఒక్కటంటే ఒక్క చిల్లు ఉందని నిరూపించు, ఈ భూతద్దం నీకు రాసిచ్చేస్తా. అసలు వాళ్లు ఎలా చూశారో తెలుసా? మైక్రోస్కోపు కింద పెట్టి పెంచారు, పెంచారు, పెంచారు. గది చాల్లేదు. గోడ పగలగొట్టారు. అప్పుడు ఒక కుర్రాణ్ణి, టార్చిలైటు, అన్నం క్యారేజీ ఇచ్చి, నాణెం మీద నడుచుకుంటూ వెళ్లి ఎక్కడైనా లోపం కనిపిస్తే కేకెయ్యమని పంపారు. వాడు వెళ్లాడు. సాయంత్రమైంది, కేక లేదు. మర్నాడైంది, కేక లేదు. వాళ్లమ్మ వచ్చి ఏడుపు. చివరికి వెతకడానికి నలుగురు వెళితే, వాడు అంచు దగ్గర హాయిగా పడుకుని ఉన్నాడు. ఏంరా అంటే, నున్నగా ఉంది, జారుతూ వచ్చేశాను, వెనక్కి రావడానికే పట్టు దొరకలేదు అన్నాడు."

"అయితే డెబ్బై ఖాయం," అన్నాను నేను. ఏదో ఒకటి అనకపోతే నవ్వొచ్చేలా ఉంది.

"డెబ్బై ఎలా సరిపోతుంది? తలుపులేసుకుని మీటింగు పెట్టారు. డెబ్బై నాలుగు వేశారు! డెబ్బైకి డెబ్బై నాలుగు. ఆ మాట బయటికి పొక్కేసరికి, అదివరకు డెబ్బై వచ్చిన నాణేలన్నీ బీరువాల్లో వాటంతటవే బోర్లా తిరిగిపోయాయి, సిగ్గుతో. సరే, సీలు వేద్దామని ప్లాస్టిక్ డబ్బాలో పెడితే డబ్బా మూత పడలేదు. ఎందుకు పడలేదు?"

"ఇంకా మోగుతోందేమో," అన్నాడు బాబాయి.

"అదీ! ఇప్పుడు నీకు బుర్ర పనిచేస్తోంది. మోగుతూనే ఉంది. ఆ మోత విని నాణేలు అచ్చేసే టంకశాలవాళ్లే కారేసుకుని వచ్చారు. ఇప్పుడు అక్కడే ఉంది. కొత్త నాణేలకి ముద్ర పడేముందు వరుసలో తెచ్చి దీని ఎదురుగా నిలబెడతారు. చూసుకోండి, మీరు ఇలా తయారవ్వాలి అని చెప్పి అప్పుడు లోపలికి పంపుతారు."

"అయితే ఇంక తిరిగి రాదా?" అన్నాడు టైలరు.

"ఎలా వస్తుంది తమ్ముడూ? దేశం మొత్తానికి కావలసిన మనిషైపోయింది అది. మీ మామగారి ఫొటో ఒకటి అడిగారు, గుమ్మం మీద పెడతారట. మీ ఆవిడతో చెప్పు, గర్వపడమను."

భార్య మాట వచ్చేసరికి టైలరు ఇంక ఆగలేకపోయాడు. కోపం కూడా కాదు అది. జేబులోంచి నాణెం తీసి డెబ్బై టీగ్లాసు పక్కన పెట్టాడు.

"మా మామగారి నాణెం ఇదన్నయ్యా. నీకిచ్చింది ఓవర్‌కోటు గుండీ. పొరపాటు నాదే. దానికి చిల్లులున్నాయి, నాలుగు."

డెబ్బై నాణెం వంక చూశాడు. మా వంక చూశాడు.

"గుండీ కూడా ఎక్కడికీ పోలేదులే," అంది అక్క. "అన్నగారి చొక్కా జేబులోనే ఉంది. గుండుసూది తల కనబడుతోంది. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను."

ఆయన జేబులో చెయ్యి పెట్టి పొట్లం తీశాడు. సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది. కాగితం మడతలు నలిగి, చొక్కాతో పాటు ఒకసారి ఉతుకు కూడా పడినట్టుంది. బాబాయి చేయి చాపి, "భూతద్దం రాసిస్తానన్నారు గురువుగారూ," అన్నాడు. మేం నవ్వాం, కొంచెం గట్టిగానే నవ్వాం. డెబ్బై నవ్వలేదు, టైలరూ నవ్వలేదు, అంచేత ఆ నవ్వు ఎంతోసేపు నిలబడలేదు.

"పొట్లం మాట వదిలెయ్ అన్నయ్యా," అన్నాడు టైలరు. "ఇప్పుడు చూడు. నీ భూతద్దంతోనే చూసి చెప్పు. సాయంత్రం బావమరిది వస్తాడు. మా ఆవిడ వడ్డిస్తూ నా మొహం చూస్తుంది. ఇది అసలుదేనా?"

డెబ్బై భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాడు. అలా పట్టుకోవడం మాత్రం ఆయనకి నిజంగానే వచ్చు. ఒక వైపు చూశాడు, తిప్పి రెండో వైపు చూశాడు. వేలికొస మీద నిలబెట్టి గోటితో అన్నాడు. సన్నగా ఏదో మోగింది. ఎంతసేపు మోగిందంటే, చెప్పలేను, అప్పుడే వీధిలో లారీ వెళ్లింది. ఆయన పెదాలు కదిలాయి. ఇదిగో ఇంకోటి మొదలుపెడతాడు అనుకున్నాం. టైలరు మొహం చూశాక ఆ పెదాలు మళ్లీ మూసుకున్నాయి.

"నాకు తెలీదు తమ్ముడూ," అన్నాడు.

ఆ కొట్టు దగ్గర ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవరం ఎప్పుడూ వినలేదు. భూతద్దం తీసేసి, నాణేన్ని టైలరు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"బాగున్నట్టే ఉంది. కానీ నాకు తెలీదు. పంపితే వాళ్లు చెప్తారు. నేను పంపలేదు, ఇవాళ రేపు అనుకుంటూ జేబులోనే మోశాను. మీ బావమరిదికీ తెలీదు, అతనికి భూతద్దం కూడా లేదు. ఆ మాట చెప్పు మీ ఆవిడకి."

టైలరు పిడికిలి విప్పి నాణెం వంక చూశాడు. "అంటే తగరమని ఎవరూ తేల్చలేదు."

"ఎవరూ తేల్చలేదు."

"అది చాలు ఇవాళ్టికి," అన్నాడు టైలరు. రేపు నాణేన్ని బాబాయికిచ్చి రిజిస్టరు పోస్టులో తనే పంపిస్తానని, ఈసారి పొట్లం అందరి ముందూ కడతానని చెప్పి, గుండీ పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

అక్క వేడి టీ ఒకటి తెచ్చి డెబ్బై ముందు పెట్టింది. "ఆ నాకు తెలీదు అన్నారే, ఆ మాటకి డెబ్బైకి డెబ్బై," అంది.

ఆయన గ్లాసు అంచు పట్టుకుని ఎత్తి, ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని ఆలోచించాడు.

"యాభై తొమ్మిది," అన్నాడు.