కుడికాలి మడమ

టైర్ల గోడౌను కింద ఉన్న నేలమాళిగలో ఒక పంక్ రాక్ బ్యాండు ముప్పై ఏళ్ళుగా చెవులకి చిల్లులు పొడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం జనం రాకముందు, పాటగాడు ఒక పొట్టి స్టూలు ఈడ్చుకొచ్చి మైకు ముందు వేసుకున్నాడు. వెనక డ్రమ్ములు బిగిస్తున్న బామ్మర్దికి ఒళ్ళు మండిపోయింది.

“అదెందుకు బావా?”

“మోకాళ్ళు అరిగిపోయాయిరా. ఇవాళ కూర్చునే పాడతా.”

“కూర్చుని పాడటానికి ఇవేమైనా జోలపాటలా? లే.”

“నొప్పి నాదైతే ఉక్రోషం నీకెందుకురా?”

“నువ్వు లేవకపోతే నేను వాయించను.”

“పోలీసులొచ్చి నిలబడ్డా ఆపనివాడివి, స్టూలుకి ఆపుతావా?”

డ్రమ్మరు కర్రలు తొడమీద టకటకలాడించాడు. ఇక దాచి లాభం లేదు.

“కూర్చుంటే కాళ్ళు ముందుకు పోతాయి బావా. నీ మడమ నాకు కనపడదు.”

“నా మడమతో నీకేం పని?”

“పాడేటప్పుడు కుడి మడమ నేలకేసి కొడతావుగా, అది చూసే వాయిస్తున్నా. ఇలా ఎదురుగా ఉంటే మాట అందుతుంది. గిటార్లు మొదలయ్యాయా, నాకంతా ఒట్టి హోరే.”

“ఎన్నాళ్ళనించిరా?”

“అక్కకి చెప్పకు.”

పాటగాడు మైకునీ స్టూలునీ డ్రమ్ముల వైపు తిప్పుకుని కూర్చుని, కుడికాలి పాంటు పైకి మడిచాడు.

“వచ్చినవాళ్ళకి వీపు చూపిస్తావా బావా?”

“మన మొహాలు చూడ్డానికి ఎవడొచ్చాడురా ఎప్పుడైనా? కొట్టు.”